ఒక ఈల ఆగడానికి, రెండు పోవడానికి

మా పక్కింటి కండక్టర్ తాత మొన్న గురువారం పొద్దున్నే పోయారు. కాఫీ తాగి, టంబ్లర్ కడిగి బోర్లించి, వాకిట్లో కుర్చీలో కూర్చున్నారట, అంతే. ఏడ్చాను, ఏడవకుండా ఎలా ఉంటాను? కానీ ఆయన గురించి చెప్పబోతే ఒళ్ళంతా హుషారు వస్తోంది, నోరు ఆగడం లేదు. ఆయన చేసిన పని అలాంటిది మరి!

గాంధీపురం టౌను బస్సుల్లో ముప్పై ఏళ్ళు విజిల్ ఊదిన మనిషి. రిటైరయ్యాక సాయంత్రం ఐదైతే చాలు, మా వీధి పిల్లలందరినీ ఒకరి చొక్కా ఒకరు పట్టుకునేలా నిలబెట్టి బస్సు నడిపేవారు. రెండు ఈలలు ఊది, తమిళంలో "పోలాం రైట్!" అని కేకేస్తే పరుగు. ఒక్క ఈల ఊది "హోల్డాన్!" అంటే ఎక్కడివాళ్ళు అక్కడే బిగుసుకోవాలి. కదిలితే బస్సు దిగిపోవాలి. మూడేళ్ళ బుడతలు కూడా నవ్వు ఆపుకుంటూ, బుగ్గలు పూరించుకుని నిలబడేవారు.

"ఈ పొద్దు కాలు ఆపను నేర్చుకుంటే, ఇంగ రేపు కోపం ఆపను నేర్చుకుంటారు" అనేవారు.

మూడేళ్ళ కిందట మా వంటింట్లో గ్యాసు అంటుకుంది. కుక్కర్ కూస్తూ ఉండగానే మంటలు లేచాయి. నా చేతులు కాలడం నాలుగేళ్ళ నా కూతురు కళ్ళారా చూసింది. రెండు నెలలు ఆసుపత్రిలో ఉండి ఇంటికొచ్చేసరికి నా పిల్ల నా పిల్లలా లేదు. ఎవరింట్లో కుక్కర్ కూసినా కెవ్వుమనేది, పక్కనున్నవాళ్ళను కరిచేది. ఇంకొక్కసారి కరిస్తే బడికి పంపొద్దన్నారు. చుట్టాలేమో "మొండిఘటం, రెండు తగిలించు" అన్నారు. తగిలించాను కూడా. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

తాత దాన్ని కూడా తన పిల్లల బస్సు ఎక్కించారు. అలవాటుకొద్దీ చెవి పక్కనే ఈల ఊదారు. అయ్యో, ఏం చెప్పను! పిల్ల కొయ్యబారిపోయింది, గౌను తడిసింది, మరుక్షణం ఆయన చెయ్యి రక్తం వచ్చేలా కొరికింది. నేను పరుగున వచ్చి చెయ్యెత్తితే తాత అడ్డం నిలబడ్డారు.

"కొట్టొద్దు తల్లీ, తప్పు నాది. ఇది మొండితనం కాదు, బెదురు. బెదిరిన బిడ్డకి బ్రేకు పట్టదు."

మర్నాడు కొత్త విజిల్ కొని, దారం కట్టి దాని మెడలో వేశారు.

"ఇంగ నువ్వే కండక్టరు, కన్నూ. నేను డ్రైవరు. నువ్వు ఊదితేనే ఆగుతా, సెరియా?"

వారం రోజులు అది విజిల్ నోట పెట్టలేదు. ఎనిమిదో రోజు మెల్లగా ఊదింది. డెబ్భై దాటిన మనిషి నడివీధిలో ఒంటికాలి మీద ఆగిపోయారు! నా పిల్ల పకపకా నవ్వింది. ఆ సాయంత్రం పాపం ఆయన్ని ఎన్నిసార్లు ఆపిందో లెక్కే లేదు.

ఒక్కరోజులో బాగుపడిందనుకునేరు, లేదు. ఆ తర్వాతా ఏడ్చింది, ఒకటి రెండుసార్లు నన్ను కరిచింది. కానీ ఒకనాడు ఎదురింట్లో కుక్కర్ కూసింది. తలుపు చాటునుంచి చూద్దును కదా, ఇది గోడకు ఆనుకుని, విజిల్ పిడికిట్లో బిగించి, "హోల్డాన్, హోల్డాన్" అని తనకు తానే చెప్పుకుంటోంది! నేను ఎగిరి గంతేశాను. బడి మాననక్కర్లేకపోయింది. ఇప్పుడు రెండో తరగతి.

గురువారం సాయంత్రం తాతను తీసుకుపోవడానికి వ్యాను వచ్చింది. ఒకటే తప్పెట్లు, టపాసులు. ఆ మోతకు నా పిల్ల చెయ్యి నా చేతిలో చల్లబడిపోయింది. లోపలికి తీసుకుపోబోతే విడిపించుకుంది. కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి పీల్చి, విజిల్ ఒక్కసారి ఊదింది.

తప్పెట్లు ఆగాయి. వీధంతా ఆగింది. అది నడిచి వెళ్ళి, తాత పాదాలు ముట్టుకుని, వెనక్కి వచ్చి నా పక్కన నిలబడింది. అప్పుడు రెండుసార్లు ఊదింది.

"పోలాం రైట్, తాతా."

వ్యాను కదిలింది.