ఏరేటరు వేయక ముందు

నాకు ముక్కు మీద కోపం. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ల్యాబ్‌లో మా గైడుకు మాత్రం తెలియనివ్వలేదు. ఆవిడ కోపం ముందు నాదెంత. తాడేపల్లిగూడెంలో ఆవిడ దగ్గర ప్రాజెక్టు అసిస్టెంటుగా చేరి ఏడాది కావస్తుండగా ఒకే ఒక్క పరిశోధక సీటు ఖాళీ అయింది. నేనూ, నాతో పనిచేసే ఇంకో అమ్మాయీ ఇద్దరమూ దాని కోసమే కాచుకుని ఉన్నాం. పదిహేను రోజుల్లో పనికొచ్చే ఫలితం ఎవరు చూపిస్తే వాళ్లకే అని గైడు తేల్చి చెప్పేశారు.

నా పని శీలావతి చేప మీద. ప్రాణవాయువు అందకపోతే చేప చస్తుంది, అది అందరికీ తెలిసిందే. కానీ అదే ప్రాణవాయువు ఇనుముకు తుప్పు పట్టించినట్టు కణాన్ని లోపల్నుంచి పాడు చేస్తుంది కూడా. దాన్ని అడ్డుకోవడానికి కణం కొన్ని ప్రొటీన్లను తయారు చేసుకుంటుంది. గాలి అందక అల్లాడుతున్నప్పుడే అవి చేప కాలేయంలో పెరిగి సిద్ధంగా ఉంటాయా, లేక గాలి తిరిగి అందాకే పెరుగుతాయా అన్నది మా ప్రశ్న. కాబట్టి చేప పైకి తేలి నోరు తెరుస్తున్నప్పుడే పట్టాలి. నీళ్లలో గాలి కలిపే ఏరేటరు తిప్పి చిలికాక పట్టింది లెక్కలోకి రాదు.

మా నాన్నగారికి కైకలూరులో చేపల మేత కొట్టు. ఆయన దగ్గర మేత కొనే రైతొకాయనకు పక్కపక్కనే రెండు చెరువులున్నాయి. ఆయన్ని బాబాయిగారూ అంటాను. పెద్ద చెరువులో రోజూ తెల్లవారుజామున చేప తేలుతోందని నాన్నగారు చెప్పగానే ఆయనకు ఫోన్ చేసి, ఆరు మంచి చేపలు పట్టించి ఉంచమని అడిగాను. నేను బస్సు దిగి వెళ్లేసరికి గట్టు మీద తొట్టిలో ఆరూ సిద్ధం. కోసి, కాలేయాలు ఐసులో పెట్టుకుని పరుగున ల్యాబ్‌కు తెచ్చాను.

ఆరింటిలో ఒక్కదానిలోనూ ఏమీ పెరగలేదు. ల్యాబ్ తొట్టిలో హాయిగా తిరిగే చేపలకీ వీటికీ వెంట్రుకవాసి తేడా లేదు. పట్టేటప్పుడు నువ్వు చూశావా అని గైడు అడిగారు. చూడలేదు. బయటికొచ్చి బాబాయిగారికి ఫోన్ చేసి, అవి నిజంగా తేలినవేనా అని కాస్త గట్టిగానే అడిగాను.

"మంచివి కావాలన్నారు కదమ్మా. కొట్టుగారమ్మాయికి తేలిన చేపలెలా ఇస్తామండీ? పక్క చెరువులో దుక్కల్లాంటివి ఏరి పట్టించాను."

ఆ మాటకు కోపం తెచ్చుకోవడానికి కూడా దారి లేదు. మంచి శాంపిల్ అని మనసులో అనుకుని, మంచి చేప అని నోటితో అన్నది నేనే.

ఇక వారమే ఉంది. కైకలూరులోనే మకాం వేశాను. మూడు రోజులు వరసగా మబ్బు పట్టింది. ఎండ లేకపోతే నీళ్లలో గాలి తగ్గిపోతుంది కాబట్టి, సిగ్గు లేకుండా ఆ మబ్బు చూసి సంతోషించాను. నాలుగో రోజు తెలవారుతుండగా బాబాయిగారు ఫోన్ చేశారు. స్కూటీ మీద వెళ్లేసరికి చెరువంతా నోళ్లే. ఆయన స్విచ్చుల పెట్టె దగ్గర నిలబడి ఉన్నారు. నేను వచ్చేదాకా ఏరేటర్లు వేయలేదు.

వల విసిరించి ఆరింటినీ పట్టించారు. నీళ్లలో ప్రాణవాయువు ఎంతుందో కొలిచి రాసుకుని, ఒక్కోటీ కోసి పెట్టెలో సర్దుతున్నాను. ఏదైనా పాడైతే ఇంకోటి పట్టాలి, అందుకే అన్నీ అయ్యేదాకా ఏరేటరు వద్దనుకున్నాను. మూడోది అవుతుండగా తూము మూల చేపలు వెల్లకిలా తిరగడం మొదలైంది. ఆయన అటు చూసి, నా వైపు చూసి, అయిందా అమ్మా అని అడిగారు. ఇంకా మూడున్నాయి బాబాయిగారూ, వేయమంటారా అన్నాను.

"పర్లేదమ్మా, కానివ్వండి."

మా వైపు పెద్దవాళ్లు అలా అంటే పర్లేదని కాదు. ఆపమని నోరు విప్పి అడగలేక అనే మాట అది. అందులోనూ మేత ఇచ్చే కొట్టువారి పిల్లను ఆయన ఏమని ఆపుతారు? ఈ గడ్డ మీద పుట్టినదాన్ని, నాకు తెలియదా. తెలిసే, ఆయన అన్న మాటను అన్నట్టే తీసుకున్నాను. నాలుగు. ఐదు. ఆరోది పెట్టెలో పడ్డాకే స్విచ్చు వేసేయండి అని అరిచాను. ఆయన చేయి అప్పటికే స్విచ్చు మీద ఉంది. తూము మూల చేప మాత్రం మళ్లీ తేరుకోలేదు.

ఆ ఆరింటిలోనూ ప్రొటీన్లు పెరిగి కనిపించాయి. గైడు ఆ గ్రాఫును రెండుసార్లు చూసి, తొలిసారిగా నన్ను కూర్చోమన్నారు. సీటు నాకే వచ్చింది. సంతోషం కలిగింది, అబద్ధమెందుకు. దానితోపాటే తూము మూల చేపలూ గుర్తొస్తూనే ఉన్నాయి.

ఆ వారాంతంలోనే బాబాయిగారింటికి వెళ్లాను. నా స్వార్థానికే మీ చేప పోయిందని ఒప్పుకుందామని దారంతా మాటలు కూర్చుకున్నాను. ఆయన కుర్చీ వేశారు, కాఫీ తెప్పించారు, మీ పనైందా అమ్మా అని అడిగారు. అయిందన్నాను. ఇక చెప్పేయాలని నోరు తెరవబోయాను. ఆయనే ముందు అందుకున్నారు.

"మబ్బమ్మా. నాలుగు రోజులు పట్టేసింది. ఎవరు మాత్రం ఏం చేస్తారండీ?"

అంటూ నా ముఖంలోకి చూశారు. కాఫీ గ్లాసు కింద పెట్టి, అవును బాబాయిగారూ, మబ్బే అన్నాను.