ఆదివారం పొద్దుటి గొంతు

లైసెన్సు చేతికొచ్చిన రోజే నా పక్క సీటు ఖాళీ అయింది. నేర్చుకున్నన్నాళ్లూ అందులో నేర్పే ఆయన కూర్చుని విసుక్కునేవాడు. "మేడమ్, పెడల్ మీద కాలుందా, నిద్రపోయిందా?" అనేవాడు. ఈ పీడ ఎప్పుడు విరగడవుతుందా అనుకునేదాన్ని. తీరా అయ్యాక తెలిసింది, రెండు సీట్ల విమానంలో ఒక్కదాన్నే కూర్చోవడం ఎంత బోసిగా ఉంటుందో.

నేను రాజేంద్రనగర్‌లో పళ్ల డాక్టర్ని. నలభై దాటాక ఎగరాలన్న పిచ్చి పట్టింది. బడంగ్‌పేట్ అవతల చిన్న రన్‌వే ఉన్న ఫ్లయింగ్ క్లబ్బులో నాతో పాటు నేర్చుకున్నవాళ్లంతా ఇరవై ఏళ్ల పిల్లలు, రేపో మాపో పెద్ద విమానాల ఉద్యోగాలకు పోయేవాళ్లు. నన్ను చూడగానే లేచి నిలబడి "నమస్తే ఆంటీ" అంటారు. లేచి నిలబడేవాళ్లతో స్నేహం ఎలా కుదురుతుంది? ఇంట్లో సంగతి చెప్పనక్కర్లేదు. "ఇవాళ గాలి పక్కనుంచి కొట్టింది తెలుసా" అని నేను మొదలుపెడితే మా ఆయన "ఉప్మా చల్లారిపోతోంది" అంటాడు. చిన్న విమానం పేరెత్తితేనే ఆయనకు కళ్లు తిరుగుతాయి.

ఇక మిగిలింది రేడియో. ఆదివారం పొద్దున్నే విమానం చుట్టూ తిరిగి రెక్కలూ చక్రాలూ చూసుకుని, లోపల కూర్చుని హెడ్‌సెట్ పెట్టుకోగానే ఒక మగగొంతు వినబడేది. క్లబ్బుకున్న రెండో విమానంలో ఎవరో అప్పటికే పైన తిరుగుతూ ఉండేవాడు. పలికేది ఇంగ్లిషే, కానీ మాట చివర సాగదీసే తీరు పక్కా ఈ నేలదే. నేను బయల్దేరుతున్నానని చెప్పగానే ఆయన దిగేవాడు. నేను ఎగిరి, శంషాబాద్ పెద్ద విమానాలకు అడ్డం రాకుండా, చెప్పిన ఎత్తులోనే ఒదిగి ఒక చుట్టు చుట్టి వచ్చేసరికి విమానాల షెడ్డు దగ్గర ఎవరూ ఉండేవారు కాదు.

ఎవరీయన? నా కుతూహలం సామాన్యమైనది కాదు. నోరు తెరిచిన ప్రతి మనిషి పళ్లను బట్టి కథ అల్లేదాన్ని, ఇక్కడ పళ్లు కూడా కనిపించవాయె. రిటైరైన లెక్చరర్ అనుకున్నాను కొన్నాళ్లు. ఒకసారి మాట మధ్యలో ఆవలించాడు, రాత్రి ఉద్యోగమేమో అనుకున్నాను. క్లబ్బు ఆఫీసులో అడిగితే క్షణంలో చెప్పేవాళ్లే. కానీ పరాయి మగమనిషి గొంతు గురించి ఆరా తీస్తే ఆ పిల్లలు ఏమనుకుంటారో అని నోరు మూసుకున్నాను.

వానాకాలంలో వరసగా రెండు ఆదివారాలు వెళ్లలేదు. వాన ఒక వంక మాత్రమే. విసుగొచ్చింది. ఎంతో ఇష్టపడి నేర్చుకున్న పని గురించి చెప్పుకునే మనిషి లేకపోతే అది దాచుకున్న రోగంలా తయారవుతుంది. ఇక మానేద్దామని నిర్ణయించుకున్నాను. నిర్ణయించుకున్నాక ఏడుపొచ్చింది.

ఆ రెండో ఆదివారమే మా ఆయన్ని ఢిల్లీ విమానం ఎక్కించి, తిరుగు దారిలో శంషాబాద్‌లో ఒక హోటల్ ముందు చాయ్‌కి ఆగాను. కుర్చీలు, టెంటు కర్రలు వేసుకున్న ట్రాలీ ఆటోతో ఒకాయన వచ్చాడు. హోటల్ ఆయన లోపల్నుంచి అరిచాడు.

"అన్నా, పాల బండి వస్తున్నది. అది పోయినంక ఎడమకు పెట్టుకో!"

"పాల బండి పోయినంక ఎడమకు," అన్నాడు ఆటో ఆయన బుద్ధిగా.

నేను గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయాను. ఎగిరేవాళ్లకు ఇదొక అలవాటు. పైనున్నప్పుడు కింద నుంచి దారి చెప్పే కంట్రోలు వాళ్లు ఏం చెప్పినా ఆ మాటే తిరిగి అప్పజెప్పాలి, సరిగ్గా విన్నామని వాళ్లకు తెలియాలి. పోను పోను అది నేల మీద కూడా వదలదు. కూరలకు వెళ్తూ "కొత్తిమీర, కరివేపాకు, లేత బెండకాయలు" అని నేను తిరిగి చెబితే, వెక్కిరిస్తున్నాననుకుని మా అత్తగారు మూతి ముడుచుకున్నారు. పైగా ఆ సాగదీత నాకు బాగా తెలుసు.

పేరు తెలియదు కదా. ఆయన ఎప్పుడూ నడిపే విమానం మీది చివరి అక్షరాలతో పిలిచాను, రేడియోలో పిలిచినట్టే. ఆయన గిర్రున తిరిగాడు. నన్ను ఎగాదిగా చూసి నా విమానం అక్షరాలు చెప్పాడు. చుట్టూ చాయ్ తాగేవాళ్లు మమ్మల్ని వింతగా చూశారు.

"మీరేనా అక్కా! మిమ్మల్ని పోలీసామె అనుకున్న. గొంతు గట్ల ఉంటది."

"నేను మిమ్మల్ని లెక్చరర్ అనుకున్నానండీ."

"డిగ్రీ ఫెయిలైన," అన్నాడు సంతోషంగా.

ఆయనకు టెంట్ హౌస్ ఉంది. పెళ్లిళ్లకు టెంట్లు, కుర్చీలు కిరాయికిస్తాడు. "మా ఆమె ఏమంటదో తెల్సా? టెంటు మీదికెళ్లి పడ్డది చాలదా, ఇగ గాల్లకెళ్లి గూడ పడాల్నా అంటది," అన్నాడు. నేను ఉప్మా సంగతి చెప్పాను. నవ్వుతుంటే చాయ్ చల్లారిపోయింది, మళ్లీ చెప్పాం.

వచ్చే ఆదివారం ఇద్దరం ఒకే విమానంలో వెళ్దామనుకున్నాం. ఒక్కసారి ఈయనతో ఎగిరి, దిగాక మానేస్తున్నానని చెప్పేద్దాం, మర్యాదగా ముగించినట్టుంటుంది అని నా లెక్క.

ఆ రోజు నేను నడిపాను, ఆయన పక్క సీటులో కూర్చున్నాడు. మహేశ్వరం మీదుగా పోతుంటే కింద చేలకంటే ప్లాట్ల హద్దురాళ్లే ఎక్కువ కనిపించాయి. ఒకచోట పసుపు రంగు టెంటు చూపించి "గది నాదే అక్కా. బట్ట వెలిసింది, మార్చాలె," అన్నాడు. దిగేటప్పుడు గాలి పక్కనుంచి కొట్టింది. విమానం నేలను తాకి, ఎగిరి, మళ్లీ తాకింది.

"రెండుసార్లు దిగినం. ఒకటి మీది, ఒకటి నాది," అన్నాడు. రన్‌వే మీదే పగలబడి నవ్వాను. లైసెన్సు వచ్చాక విమానంలో నవ్వడం అదే మొదలు.

తర్వాత చెరో రెక్క దగ్గర నిలబడి విమానాన్ని షెడ్డులోకి తోస్తున్నాం. నా మాట చెప్పాలి. అంతకుముందు, ఎన్నాళ్లుగానో తొలుస్తున్నది అడిగేశాను. నేను బయల్దేరగానే ఎందుకు దిగిపోతారు, పెళ్లి పనులకు ఆలస్యమవుతుందా?

ఆయన తోయడం ఆపాడు.

"పనికి తొందరేం లేదక్కా. పైకి లేవనీకి నాకు భయం లేదు. దిగాలంటేనే ఇప్పటికీ గుండె దడదడ కొట్టుకుంటది. కంట్రోలోళ్లు ఉంటరు, కానీ వాళ్లది డ్యూటీ. నా లెక్క ఎగిరేటోళ్లు ఇంకొకలు లైన్ల ఉన్నరంటే జర ధైర్యం. మీ గొంతు వినబడేదాంక పైననే తిరుగుతుంటి. వినబడ్డంకనే దిగుతుంటి."

"మరి నేను రాని ఆదివారాలు?"

"మొదటి ఆదివారం పెట్రోలు చూసుకుంట, ఎంతసేపు తిరగొచ్చునో గంతసేపు తిరిగిన. మీరు రాలే. ఇగ తప్పక ఒక్కన్నే దిగిన. రెండో ఆదివారం అసలు రానేలే. ఇగ వద్దు తియ్, లైసెన్సు అటక మీద పెడ్దాం అనుకున్న. గప్పుడే హోటల్ కాడ మీరు కనబడ్డరు."

మానేయడం నా ఒక్కదాని సంగతే అనుకున్నాను ఇన్నాళ్లూ. ఎవరితోనూ చెప్పుకోలేనని నేను ఇంట్లో కూర్చున్న పూట, నా మాట వినబడక ఒక మనిషి పైన తిరుగుతూ ఉన్నాడు.

చెప్పాలనుకున్నది చెప్పలేదు.

"వచ్చే ఆదివారం మీరు పైకెళ్లండి," అన్నాను. "నేను వస్తాను."