పండగకు ముందే కొరికిన కాయ

మా అరకు కొండల్లో మామిడి కొత్త పండగ చేసి, ఊరి దేవతకు పెట్టేదాకా ఎవరూ కొత్త కాయ కొరకరు. చిన్నప్పుడు నేను కొరికాను. దేవత ఏమీ చేయలేదు. అవ్వ మాత్రం చీపురు తీసింది.

పెద్దయ్యాక ప్రోటాన్ లోపలి సంగతి చూసే పనిలో చేరాను. ఎలక్ట్రాన్ల పుంజాన్ని హైడ్రోజన్ మీదికి వదులుతాం. ప్రోటాన్లకు తగిలి అవి ఏ కోణంలో చెదిరాయో చూసి, ప్రోటాన్ ఎంత పెద్దగా ఉంటుందో లెక్కగడతాం. అవ్వకు ఇదంతా వివరిస్తే శ్రద్ధగా విని, "పొదలోకి రాయి ఇసిరి, పంది ఉందో లేదో సూత్తారు. అంతే గదేటి" అంది. అంతే. నాకు అది అర్థం కావడానికి రెండు డిగ్రీలు పట్టాయి.

మా పనిలోనూ ఇలాంటి కొత్త పండగ ఒకటి ఉంది. జవాబుకు ఎవరికీ తెలియని ఒక సంఖ్య కలిపి దాచేస్తారు. తప్పులన్నీ వెతికి, ఇక లెక్క మార్చం అని అందరూ ఒప్పుకున్నాకే ఆ సంఖ్య తీసేసి అసలు జవాబు చూస్తారు. లేకపోతే మనసుకు నచ్చిన జవాబు రాగానే తప్పులు వెతికే చెయ్యి ఆగిపోతుంది.

ఆ సంఖ్య ఉన్న ఫైలుకు ఎవరో తాళం వేయడం మరిచారు. సెలవులకు ఇంటికొచ్చి, సిగ్నల్ కోసం కాఫీ తోట పైన బండ మీద లాప్‌టాప్ పెట్టుకున్న ఒక మధ్యాహ్నం దాన్ని తెరిచాను. కొండ కూలలేదు. జవాబు పాత కొలతలకు ముచ్చటగా దగ్గరగా ఉంది. ఆ సంతోషంలో తప్పులు వెతకడం మానేశాను.

అందరూ కలిసి జవాబు తెరవడానికి నెల ముందు తోటి విద్యార్థి ఒకతను పట్టుకున్నాడు: కోణం సవరణలో కూడాల్సిన చోట నేను తీసేశాను. సరిచేయడం అరగంట పని. కానీ మా ప్రొఫెసర్ ముందే చూశావా అని అడిగారు. చూశానన్నాను. ఆవిడ అరవలేదు. అరిచి ఉంటే ఏదో జోకు వేసి గట్టెక్కేదాన్ని. జవాబు తెలిసిన చెయ్యి ఏం సవరించినా ఎవరూ నమ్మరని, నా నాలుగేళ్ల పనిని మళ్లీ మొదటినుంచి చేయమని అతనికి అప్పగించారు.

ఈ ఏడు కొత్త పండగకు ఇంటికెళ్లి అవ్వకు అంతా చెప్పాను. తిట్టలేదు.

"సిన్నప్పుడు ముందే కొరికీసినావు గదా, ఆ కాయ ఎలాగుందే గుంటా?"

"పుల్లగా."

"మరి పండగనాటి కాయ?"

తెలీదు. ఆ ఏడు పండగలో నేను కాయే తినలేదు. రుచి తెలిసిందే కదా అని ఆటకు పోయాను.

అవ్వ దేవతకు పెట్టిన కాయలోంచి ముక్క ఒకటి చేతిలో పెట్టింది. ఇదీ పుల్లగానే ఉంది. కాకపోతే ఈసారి ఊరంతా నాతోపాటే మొహం చిట్లించింది.