పాత ప్యానెల్‌లో పిల్ల

గురువారం మధ్యాహ్నం రెండుంబావుకు విజయవాడలో కూచిపూడి బస్సెక్కాను. ఒళ్లో మా చర్చి ప్రొజెక్టర్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. గోడ మీద ఏ పాట వేసినా అక్షరాల వెనక తల వాల్చిన ఆడపిల్లలా నీలి మరక పడుతుంటే, లోపల బొమ్మ పుట్టించే గాజు ప్యానెల్ మార్పించాను. మార్చినట్టు కమిటీకి చూపడానికి పాతదాన్ని కూడా అడిగి, కవర్లో తెచ్చుకుంటున్నాను.

పక్కసీటులో ఆమె ఆ కవర్ వంకే చూస్తూ, "అదోసారి ఇవ్వరా, మామ్మగారూ" అంది.

తీసి కిటికీ వెలుగుకు పట్టింది. నాకు నల్లటి గాజుబిళ్ల తప్ప ఏమీ కనబడలేదు.

"తల ఎడమ భుజం మీదికి వాల్చింది చూడండి. జడ ముందుకేసుకుంది."

మరక సంగతి నేను చెప్పనే లేదు. జడ కూడా నిజమే.

"ఎవరమ్మా?"

"మా అమ్మాయండి. అది చనిపోయాక పెట్టిన ఆదరణ కూటానికి మీ ఒళ్లో ఉన్న మిషనే అద్దెకు తెచ్చాం. రెండ్రోజులు తెరమీద పిల్ల ఫోటో ఆపనివ్వలేదు నేను. తర్వాత ఫోను పోయింది. ఇంకో ఫోటో లేదండి."

"కమిటీవాళ్లు నన్నడుగుతారే."

"పారేశానని చెప్పండి. ఎలాగూ పారేసేదేగా."

నేను ప్యానెల్ తిరిగి ఇమ్మనలేదు. పామర్రు ముందు కాలవగట్టు దగ్గర లేచి, "పద, దిగుదాం" అంది. నాతో కాదు.

ఆ ఆదివారం గోడ శుభ్రంగా ఉంది. పాత ప్యానెల్ పోయింది, మార్చామన్న రుజువు పోయింది, ఇన్నాళ్లూ ప్రతి పాటకూ మా ముందు నిలబడిన పిల్ల పోయింది.