గుండ్రంగా రుద్దిన చక్రం

దయ్యాన్ని చూశానని ఎవరైనా చెబితే, ఆ రోజు నీకు జ్వరమేమైనా ఉందా అని అడిగే మనిషిని నేను. బడిలో చదివింది పదో తరగతే అయినా, తిరుపతి గ్రంథాలయంలో సైన్సు పుస్తకాల బీరువా మొత్తం చదివాను. ఈ సంగతికి మాత్రం వాటిలో ఎక్కడా జవాబు దొరకలేదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

కరకంబాడి రోడ్డులో నాకు చిన్న రేకుల షెడ్డు ఉంది. కార్ల అల్యూమినియం చక్రాలను చేత్తో రుద్ది అద్దంలా చేయడం నా పని. పాత రంగు తీసేసి, నీళ్లు చల్లుతూ గరుకు కాగితంతో మొదలుపెట్టి, రానురాను నున్నటి కాగితానికి వస్తాను. చివర పాలిష్ పూసి పాత బనీను గుడ్డతో రుద్దుతాను. ఎప్పుడూ నిలువుగానే రుద్దుతాను. గుండ్రంగా రుద్దితే ఎండలో సాలెగూడులాంటి సన్నటి గీతలు కనిపిస్తాయి.

పోయిన ఏడాది వానల్లో చిత్తూరు నుంచి చెంగల్రాయప్ప అనే మామిడికాయల వ్యాపారి నాలుగు చక్రాలు తెచ్చాడు. ఆయన కొడుకు హేమాద్రి పాత కారు కొని, చక్రాలు విప్పి తనే పాలిష్ మొదలుపెట్టాడట. ఇంతలో చంద్రగిరి దగ్గర బైకు మీద నుంచి పడ్డాడు. తిరుపతిలోనే ఒక పెద్దాసుపత్రిలో స్పృహ లేకుండా ఉన్నాడు. కొడుకు కళ్లు తెరిచేసరికి కారు సిద్ధంగా ఉండాలని ఆ తండ్రి ఆశ. ఆసుపత్రి నుంచి రోజూ సాయంత్రం వచ్చి షెడ్డులో స్టూలు మీద కూర్చునేవాడు.

మూడు చక్రాలు మామూలుగానే అయ్యాయి. నాలుగోదానికి రంగు తీసి, గరుకు కాగితం పట్టి, బూడిదరంగులో వదిలేసి తాళం వేసి వెళ్లాను. పొద్దున వచ్చేసరికి నడిమి నుంచి అంచుకు పోయే దాని అయిదు స్పోకుల్లో ఒకటి మెరుస్తోంది.

తాళం వేసినట్టే ఉంది. తాళంచెవి నా దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు. అల్యూమినియానికి గాలి తగిలితే పైన పొర కట్టి మసకబారుతుందని చదివాను. దానంతటది మెరవడం అన్నది లేదు. టార్చి వేసి చూశాను. అన్నీ గుండ్రటి గీతలు.

మరునాడు ఇంకొక స్పోకు. ఎవరో ఆటపట్టిస్తున్నారనుకుని ఆ చక్రాన్ని ఇంటికి తీసుకెళ్లి మా మంచం కింద పెట్టుకున్నాను. పొద్దున మూడోది మెరిసింది. రుద్దినప్పుడు కారే నల్లటి నీళ్లు గచ్చు మీద ఇంకా తడిగా ఉన్నాయి. దాన్ని బయటపెట్టేదాకా లోపలికి రానని మా ఆవిడ వాకిట్లోనే నిలబడింది.

ఆ సాయంత్రం చెంగల్రాయప్పకు చూపించాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని చాలాసేపు చూశాడు.

"ఇది నువ్వు రుద్దింది కాదప్పా," అన్నాడు. "మావోడే ఇట్లా గుండ్రంగా రుద్దేది. ఏందిరా, చక్రం మీద దోసె పోస్తా ఉండావా అని వాళ్లమ్మ ఎగతాళి చేస్తా ఉంటాది."

తర్వాత మెల్లగా అసలు సంగతి చెప్పాడు. రోజురోజుకూ పరిస్థితి దిగజారుతోందని డాక్టర్లు అంటున్నారట. మెరిసే మూడు స్పోకుల నుంచి నా చూపు మిగిలిన రెండింటి మీదికి పోయింది. ఆయన కూడా అటే చూస్తున్నాడు.

మరునాటికి నాలుగోది మెరిసింది. ఆ రోజు ఆయన మధ్యాహ్నమే వచ్చాడు.

"చేతికి తీసుకున్న పని ముగించకుండా వాడు లేసి పొయ్యే రకం కాదు. పని మిగిలుంటే ఉంటాడప్పా. మళ్లా గీకెయ్యి."

అద్దంలా అయిన లోహం మీద గరుకు కాగితం పెట్టడం మా పనిలో ఎవరూ చేయరు. ఇలాంటివి నేను నమ్మనని చెప్పబోయాను. ఆయన అప్పటికే నీళ్ల బకెట్టు దగ్గరికి లాక్కున్నాడు. నా దగ్గరున్న వాటిలో అన్నిటికంటే గరుకైన కాగితం తీసి నాలుగు స్పోకులనూ గీకాను. ఆయన పక్కన కూర్చుని నీళ్లు పోశాడు.

"ఇంగ వారం పడతాదిలే వానికి," అన్నాడు చివర్లో. కొద్దిగా నవ్వాడు కూడా.

మర్నాడు పొద్దున తలుపు తీస్తే చక్రం నేను వదిలినట్టే ఉంది. ఏ స్పోకూ మెరవలేదు. నేల పొడిగా ఉంది. మంచి గుర్తే అనుకుని, ఆ మాట చెప్పడానికి ఆయనకు ఫోన్ చేశాను. ఎత్తింది ఆయన తమ్ముడు. హేమాద్రి తెల్లవారకముందే పోయాడని చెప్పాడు.

కర్మ అయ్యాక చెంగల్రాయప్ప చక్రాల కోసం వచ్చాడు. నాలుగోదాన్ని బాగుచేసి ఇస్తానన్నాను.

"వద్దప్పా. అట్లే ఇయ్యి," అన్నాడు.

ఆ స్పోకులు రుద్దింది ఎవరో నాకు ఈరోజుకీ తెలియదు. అంతకంటే నన్ను పీడించేది ఇంకొకటి ఉంది. చేసిన పనంతా పాడైపోయి ఉండడం చూసి, ఇక చాల్లే అని హేమాద్రి లేచి వెళ్లిపోయాడేమో. ఆ అనుమానం ఆ తండ్రికీ వచ్చిందో లేదో.