తిట్టు పేరు పెట్టుకున్న ఆపిల్

ఫాల్ నది పాయ ఒడ్డున థామసీన్ నాన్‌కారోకి పద్నాలుగు ఆపిల్ చెట్లుండేవి. పదమూడింటి పేర్లు ఊరందరికీ తెలుసు. గోడ పక్కనున్న వంకర చెట్టు పేరు మాత్రం ఎవరికీ తెలియదు. దాని కాయ కొరికితే దవడలు పట్టేసేవి. పందులు కూడా వాసన చూసి వదిలేసేవి.

ఒక శరత్కాలంలో, ఆ ప్రాంతపు పాత కార్నిష్ ఆపిల్ రకాల కోసం ఊరూరా తిరిగే పెర్రిన్ అనే ఆయన వచ్చి, సరిగ్గా ఆ చెట్టు దగ్గరే ఆగిపోయాడు.

"ఇలాంటిది నేనెక్కడా చూడలేదమ్మా! దీన్నేమంటారు?"

డెబ్భై ఏళ్ళు ఆ తోటలోనే బతికి, పేరు తెలియదనడానికి థామసీన్‌కి నామోషీ అనిపించింది. చిన్నప్పుడు పిల్లలు ఆ చెట్టెక్కబోతే నాయనమ్మ చీపురు పట్టుకుని అరిచిన మాట చటుక్కున నోటికొచ్చింది.

"కెదవేజ్ అంటారు నాయనా. మా నాయనమ్మ కాలం నుంచీ అదే పేరు."

పెర్రిన్ భక్తిగా రాసుకున్నాడు.

మరుసటి నెల పట్నంలో ఆపిల్ ప్రదర్శన పెట్టారు. బల్ల మధ్యలో తెల్లటి పళ్ళెం, అందులో ఆరు కాయలు, ముందు అట్ట మీద పెద్ద అక్షరాలతో ఆ పేరు. కొత్త టోపీ పెట్టుకుని థామసీన్ పక్కనే నిలబడింది. అందరూ వచ్చి చూసి మెచ్చుకుంటున్నారు. అంతలో, ఆ ప్రాంతపు జనం ఏనాడో మరిచిపోయిన కార్నిష్ భాష నేర్పే ఆంగోవ్ మాష్టారు వచ్చాడు. అట్ట మీది పేరు చదివి, ఇంకోసారి చదివి, కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వాడు.

"ఏంటండీ అంత నవ్వు?" అంది థామసీన్ గుర్రుగా.

"అమ్మా, దీనర్థం 'పో అవతలికి' అని!"

హాలంతా గొల్లుమంది. ఆవిడ ముఖం ఎర్రబడింది. అయినా తగ్గలేదు.

"అయితే ఏం? తిన్నవాడెవడైనా అక్కడ నిలబడ్డాడా? పేరు సరిగ్గానే ఉంది!"

మాష్టారు నవ్వు ఆపేశాడు. "ఈ మాట మీకెవరు నేర్పారు?"

"నేర్పడమేంటి, తిట్టింది. మా నాయనమ్మ."

"ఇంకేమని తిట్టేది?"

థామసీన్ ఆలోచించి నాలుగు మాటలు అప్పజెప్పింది. ఒక్కటీ మర్యాదైనది కాదు. మాష్టారు అన్నీ రాసుకున్నాడు. ముసలమ్మ పిచ్చి కూతలనుకుని తను ఇన్నాళ్ళూ మోసినవి తన జాతి మాటలని ఆవిడకి అప్పుడు తెలిసింది. టోపీ బిగుతైందని చెప్పి బయటికెళ్ళింది.

ఆ చలికాలం ఆ పేరు విని ఇరవై మంది వచ్చి వంకర చెట్టు అంటు కొమ్మలు పట్టుకెళ్ళారు.

థామసీన్ గురువారం గురువారం మాష్టారి తరగతికి పోవడం మొదలుపెట్టింది. కుంకుమపువ్వు బన్నులు మూటగట్టుకుని మొదటి వరసలో కూర్చునేది. పుస్తకాలు చదివి భాష నేర్చుకున్న మాష్టారు నోరు తెరిస్తే చాలు, చెయ్యెత్తేది.

"అలా కాదు మాష్టారూ. మా నాయనమ్మ ముక్కుతో అనేది."

ఏడాది తిరిగేసరికి తరగతి తరగతంతా ముక్కుతోనే మాట్లాడుతోంది.