చిల్లకల్లు దగ్గరా, దూరమా?

షటిల్ డబుల్స్‌లో నోరున్నవాడిదే ఆట. అవతలి కోర్టులో ఖాళీ ఎక్కడుందో చూసినవాడు, కొట్టబోయేవాడికి అరిచి చెప్పాలి. నెట్ అవతల చిన్నగా వదలాలా, వెనక గీత దాకా బాదాలా అన్నది అవతలివాళ్ళకి తెలియకూడదు. అందుకని మేం ఊళ్ళ పేర్లు పెట్టుకున్నాం. చిన్నదానికి దగ్గరి ఊరు, పెద్దదానికి దూరపు ఊరు.

నాది జగ్గయ్యపేట, నా పార్ట్‌నర్‌ది నందిగామ. మొదటి టోర్నమెంట్‌లో నేను "చిల్లకల్లు!" అని అరిచాను. మాకది పక్క ఊరు. ఆ మహానుభావుడు షటిల్‌ని గీత బయటికి బాదాడు. వాడికి దగ్గరి ఊరు కంచికచర్లట, చిల్లకల్లు దూరమట! మొదటి రౌండ్‌లోనే సంచీలు సర్దుకున్నాం. బస్సులో నందిగామ దాకా పోట్లాడుకున్నాం. దిగేముందు వాడు, "సరేరా, మీ ఊరి లెక్కే కానీ" అన్నాడు. నా వాదనలో అంత బలం ఉందని మురిసిపోయాను. ఆ లెక్కతోనే చాలా కప్పులు కొట్టాం.

మోకాళ్ళు మొరాయించాక ఇద్దరం ఎవరి ఊళ్ళో వాళ్ళం కోచ్‌లమయ్యాం. మొన్నామధ్య ఆడపిల్లల ఫైనల్లో నా జోడీ, వాడి జోడీ ఎదురుపడ్డాయి. గెలిచినవాళ్ళకి జిల్లా జట్టులో చోటు. మా పిల్లల్లో ఒకమ్మాయికి, లారీ డ్రైవర్ కూతురికి, వయసు దాటిపోతోంది. ఇదే ఆఖరి అవకాశం. ఆమె కన్నా నాకే ఎక్కువ భయంగా ఉంది.

మొదటి గేమ్ మావాళ్ళే గెలిచారు. రెండో గేమ్ మొదలవగానే అవతలి నుంచి "చిల్లకల్లు!" అన్న కేక వినపడింది. వెధవ, మన కోడే నేర్పాడన్నమాట! విరామంలో మా పిల్లల్ని పిలిచి గుట్టు విప్పాను.

"ఆ పేరు వినపడగానే నెట్ దగ్గరికి ఉరకండి."

ఉరికారు. షటిల్ వాళ్ళ నెత్తి మీదుగా వెనక్కి పోయింది. మళ్ళీ ఉరికారు, మళ్ళీ అదే. రెండో గేమ్ అప్పనంగా పోయింది. నేనేమో తగ్గకుండా ఇంకా సలహాలిస్తున్నాను. ఆ అమ్మాయి చెమట తుడుచుకుంటూ, "సార్, మీరేం అనుకోకపోతే ఈ గేమ్‌కి ఏం చెప్పకండి. మేం షటిల్‌ని చూసుకుని ఆడతాం" అంది.

నాకు ఒళ్ళు మండింది. అయినా నోరు మూసుకు కూచున్నాను. మూడో గేమ్ మావాళ్ళే గెలిచారు. మోకాళ్ళ సంగతి మర్చిపోయి గంతులేశాను.

ఆ ఊపులోనే వెళ్ళి నా పాత పార్ట్‌నర్‌ని నిలదీశాను. "కోడ్ ఎప్పుడు మార్చావురా?"

"మార్చడమేంటి? నందిగామ పిల్లలకి నందిగామ లెక్కే చెప్పా. నీతో ఆడినన్నాళ్ళూ నువ్వరిచిన ప్రతిదీ లోపల తిరగేసుకుని కొట్టలేక చచ్చా."

నాకు నిజంగా సిగ్గేసింది. "ఒక్కసారన్నా చెప్పొచ్చుగా?"

"చెప్తే వినే రకమా నువ్వు?" అని వాడు నా భుజం మీద చెయ్యేశాడు. "నీ మాట విన్నంతసేపూ ఆ పిల్లలు ఓడిపోయారు చూశావా? నీ మాట వింటూ కూడా గెలిచింది నేనొక్కణ్ణేరా."